పోటు జనం – ప్రాజెక్టు డైరీ: ఒళ్లు మార్చుకునే జాతికి ఆచారం, మతం కట్టడం

ప్రాజెక్టు ఏమిటో ముందు. టేబుల్ మీద, ఒక్కో ఆటగాడు ఒక్కో పాత్రగా ఆడే రోల్‌ప్లే ఆటకూ, దాని పక్కన రాస్తున్న కథలకూ కలిపి ఒకటే లోకం. అందులో నది సముద్రంలో కలిసే చోట, మడ అడవుల్లో బతికే కల్పిత జాతి ఒకటుంది: పోటు జనం (పోటు అంటే సముద్రం నీళ్లు పొంగి పైకొచ్చే వేళ, తగ్గేది ఆటు). వాళ్లకు నేలరూపు ఒకటి, నీటిరూపు ఒకటి. నేల, నీరు, చెట్టు గోదావరి ముఖద్వారంలోని కోరింగ మడలను చూసి రాస్తున్నాం. మనుషుల్ని మాత్రం ఎవరినీ చూసి రాయడం లేదు. ఇది గట్టి నియమం. ఫలానా కులంవాళ్లు, ఫలానా తండావాళ్లు రూపు మారుస్తారన్న పుకారు మన దగ్గర ఊరికే పోలేదు. చిల్లంగి, బాణామతి పేర్లతో ప్రాణాలు తీసిన ఊళ్లున్నాయి. కాబట్టి పేర్లు, కట్టు, యాస ఏ నిజమైన జనానికీ తగలకుండా ఉండాలి.

ఈ విడతలో ఒళ్లు, కాలం లెక్క, పంటి గుర్తు, దేవత, చావు దాకా వచ్చాం.

పక్కన పెట్టినవి

చంద్రుణ్ణి కొలిచే జాతి అన్న ఆలోచన మొదటే తీసేశాం. పౌర్ణమికి అరిచే మృగాలు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి. స్కాట్లండ్ ఉత్తర దీవుల సీల్ కథల్లోలా తోలు విడిచి దాచుకునే పద్ధతి కూడా వద్దనుకున్నాం. తోలు దొంగిలించడం ఒక్కటే కథ అయిపోతుంది. ప్రాణం పోగానే అసలు రూపు బయటపడటం మారీచుడి దగ్గర నుంచీ ఉన్నదే. ఇక్కడ అది కుదరదు, ఎందుకంటే పోటు జనానికి రెండూ అసలు రూపులే.

పని చేసే వరస ఇది: మతం ముందు రాయకూడదు. రూపు మారితే ఒంటికి ఎంత ఖర్చవుతుందో తేల్చాలి, ఆ ఖర్చు ఊళ్లో ఎవరు భరిస్తారో తేల్చాలి, గుడి తర్వాత. దేవుడితో మొదలుపెడితే చివరికి బొమ్మ మిగులుతుంది, ఆచారం మిగలదు.

ఒళ్లు: బరువు లెక్క

కోరింగలో తిరిగే నీటికుక్క బరువు 7 నుంచి 11 కిలోలు. 50 కిలోల మనిషి అందులోకి మారితే మిగతా 40 కిలోలు ఎక్కడికి పోయినట్టు? మాయలే కదా అని వదిలేస్తే ఆటలో కొంప మునుగుతుంది. ప్రతి ఆటగాడూ ఎలుకై తలుపు సందులోంచి దూరతాడు. అందుకే నియమం: బరువు మారదు. నీటిరూపు కూడా 50 కిలోల జంతువే. ఇది మరీ వింత కూడా కాదు, పసిఫిక్ తీరపు సముద్ర నీటికుక్కల్లో పెద్ద మగవి 45 కిలోల దాకా ఉంటాయి.

మారడానికి పట్టే సమయం 2 ఘడియలు, అంటే 48 నిమిషాలు. దానికి ఒంటికి 1500 కేలరీల ఖర్చు పెట్టాం. బియ్యం 100 గ్రాములకు సుమారు 350 కేలరీలు కాబట్టి ఒక మార్పు అంటే 430 గ్రాముల బియ్యం. పోవడం, రావడం కలిపితే 860 గ్రాములు. 200 మంది పెద్దలున్న ఊరు ఒక్కసారిగా నీళ్లలో దిగితే 172 కిలోలు. అక్కడితో అయిపోదు. నీటిరూపులో ఉన్నవాడు రోజుకు 5 కిలోల చేపైనా తింటాడు (చలి నీళ్లలో బతికే సముద్ర నీటికుక్క తన బరువులో పావు వంతు తింటుంది, ఇక్కడ నీళ్లు వెచ్చన కాబట్టి తగ్గించాం). 200 మంది అంటే రోజుకు టన్ను. రెండు పక్షాల్లో కాలవల్లో చేప మిగలదు.

కాబట్టి వంతులు వచ్చాయి. ఒక్కో పోటుకు 40 మంది. బియ్యం 34 కిలోల 400 గ్రాములు. వంతు ఎవరిదో తేల్చేది ధాన్యం కొట్టు తాళం ఎవరి దగ్గరుంటే వాళ్లు. ఇక్కడే పూజారి పుట్టాడు. ఈ జాతిలో గుడి అంటే గాదె. గర్భగుడి లేదు, గోపురం లేదు, మట్టి గోడల కొట్టూ దాని ముందు అరుగూ మాత్రమే.

ఇంత ఖర్చు పెట్టి అసలు ఎందుకు మారాలి? ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే మొదటికే మోసం. జవాబు పీతలో దొరికింది. పీత గానీ రొయ్య గానీ గుల్ల వదిలితేనే పెరుగుతుంది. వదిలిన కాసేపు మెత్తగా ఉంటుంది, తోటివే పీక్కు తింటాయి. భీమవరం చుట్టుపక్కల చెరువుల రైతులు అమావాస్య, పౌర్ణమి దగ్గర పడగానే మేత తగ్గించి మినరల్స్ చల్లేది ఈ గుల్ల వదిలే అదను చూసే. పోటు జనానికీ అంతే. ఏడాదిలో ఒక్కసారైనా మారకపోతే కీళ్లు బిగుసుకుపోతాయి. మారిన వెంటనే 2 ఘడియలు ఒళ్లు మెత్తగా ఉంటుంది, కత్తి కాదు వేలి గోరు కూడా దిగుతుంది. కావలి మనిషి అవసరం అక్కడ పడింది. వీళ్ల మతానికి మూలపురుషుడు ప్రవక్త కాదు, కావలివాడు.

కాలం: తిథికి 2 ఘడియలు

కాలెండరు కోసం కొత్త నెలలు, కొత్త వారాలు కల్పించక్కర్లేదు. పంచాంగం చాలు. చంద్రుడి లెక్కన 30 తిథుల్లో పోటు వేళ జరిగి జరిగి ఒక పూర్తి రోజు ఆలస్యమవుతుంది. రోజుకు 60 ఘడియలు కాబట్టి తిథికి సరిగ్గా 2 ఘడియలు. ఒక రేవులో అమావాస్య నాటి పోటు ఎన్నింటికో తెలిస్తే మిగతావన్నీ వేళ్ల మీద చెప్పొచ్చు. మా ఊరికి అమావాస్య పోటు ఉదయం 9 గంటలకు పెట్టాం. పంచమికి 4 గంటలు కలిపి మధ్యాహ్నం 1. అష్టమికి 6 గంటల 24 నిమిషాలు కలిపి 3:24. రెండో పోటు దానికి ఇంచుమించు 12 గంటల 25 నిమిషాల తర్వాత.

ఇది సగటు. అమావాస్య, పౌర్ణమి దగ్గర వేళ అంతకన్నా నెమ్మదిగా జరుగుతుంది, అష్టమి దగ్గర గంటకు పైగా జరుగుతుంది. కథ రాసేవాళ్లు అష్టమి నాడు నిమిషాలతో సహా వేళ చెప్పకుండా ఉంటే మేలు.

ఇంకో సంగతి చాలామంది చూసుకోరు. అన్నిటికన్నా పెద్ద పోటు అమావాస్య నాడే రాదు, చాలా తీరాల్లో ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. అందుకని వీళ్ల పెద్ద రోజు విదియ. పాడ్యమి నాడు దిగడం, తదియ నాడు తిరిగి రావడం. తదియ తప్పితే తర్వాతి పక్షం దాకా నీళ్లలోనే.

ఆ కట్టుబాటును మాటతో కాక గట్టుతో పెట్టాం. రూపు మార్చుకునేది నీళ్లు కప్పిన ఒక గట్టు మీదే, దాని పేరు మార్పు గట్టు, ఎత్తు 1.35 మీటర్లు. విదియ పోటు 1.5 మీటర్లు, ఆ రోజు ఆటు 0.2 మీటర్లు, అష్టమి పోటు 1 మీటరు. అష్టమి నీళ్లు గట్టు ఎక్కలేవు. ఇక ఎవరూ "నేడు మారకూడదు" అని శాసనం రాయక్కర్లేదు. పెద్ద పోటుకు నీళ్లు గట్టు మీద 2 గంటల 40 నిమిషాలు నిలుస్తాయి. 48 నిమిషాల మార్పులు వరసగా మూడు పడతాయి. 14, 13, 13 మందిగా మూడు జట్లు. మనిషికి 2 మీటర్ల చోటు అనుకుంటే గట్టు పొడవు 28 మీటర్లు.

గట్టు 10 సెంటీమీటర్లు పెరిగితే? నీళ్లు నిలిచేది గంటన్నరే, ఒక జట్టు తక్కువ కాదు, రెండు జట్లు పోతాయి. ఎందుకంటే రెండో జట్టు పూర్తవకముందే నీళ్లు గట్టు దిగిపోతాయి. సగం మారిన మనిషి పొడి గట్టు మీద ఉంటే ఏమవుతుందన్నది ఆటలో రాసి పెట్టాం, ఇక్కడ చెప్పం. వరద ప్రతి ఏటా గట్టు మీద ఒండ్రు పేరుస్తుంది. కాబట్టి ఆషాఢం నుంచి భాద్రపదం దాకా మూసివేత, ఆశ్వయుజంలో ఊరంతా పారలు పట్టుకుని గట్టు చెక్కే పండగ. వీళ్ల క్యాలెండర్లో ఇంతకు మించిన పండగ లేదు. దాంట్లో పాట, పిండివంట, కొట్లాట అన్నీ ఉన్నాయి. కొట్లాట మరీ ముఖ్యం, ఎంత లోతు చెక్కాలన్నదాని మీద.

మూసివేత మూడు నెలలూ వేషాల కాలం. ఒళ్లు మార్చుకోగలిగినవాళ్లకు వేషం దేనికని ఒక సందేహం వచ్చింది. తిరుపతి గంగమ్మ జాతర చూస్తే తేలుతుంది. బైరాగి వేషానికి తెల్ల నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. బండ వేషంలో ఉన్నవాడు నోటికొచ్చింది తిట్టినా ఎవరూ తప్పు పట్టరు. వేషం మాటకు సెలవు ఇస్తుంది. పోటు జనంలో రూపు మార్పు ఆ సెలవు ఇవ్వదు, నీళ్లలో చేసిన తప్పుకు నేల మీద శిక్ష ఉంటుంది. అందుకే సెలవు వేరే చోట కావాలి. వరద నెలల్లో వాళ్లు జంతువుల వేషం కట్టరు, పక్కింటివాళ్ల వేషం కడతారు.

గుర్తు: నాలుగు కోరపళ్లు

ఒళ్లు మార్చుకునే జనానికి అసలు చిక్కు ఎవరు ఏమవుతారన్నది కాదు. బాకీ ఎవరిది, పెళ్లి ఎవరిది, నిన్న మాట ఇచ్చింది ఎవరు? తోలు మారుతుంది, చెవి కుట్టు పూడిపోతుంది, పచ్చబొట్టు చెరిగిపోతుంది. అరిగినా విరిగినా మళ్లీ పెరగనిది పంటి మీది ఎనామిల్. కాబట్టి పేరు పంటి మీద.

బాలిలో హిందువులు పై వరసలో ఆరు పళ్లు అరగదీసే సంస్కారం ఒకటి ఉంది, కామం, క్రోధం మొదలైన అరిషడ్వర్గాన్ని అణచడానికి. పళ్లు అరగదీయడం ఒళ్లు జలదరించే కల్పనేమీ కాదని నమ్మకం కుదిరింది అక్కడే. మా పద్ధతి వేరు. పై కోరపళ్లు రెండు, కింది కోరపళ్లు రెండు. ఒక్కో పంటి మీద రెండు చోట్ల గాటుకు వీలు: కొన దగ్గర, నడుమ. చిగుళ్ల దగ్గర వద్దు, అక్కడ ఎనామిల్ పలచన, తిండి ఇరుక్కుని పుచ్చిపోతుంది. గాటు లోతు అర మిల్లీమీటరు దాటకూడదు, దాటితే లోపలి డెంటిన్ తగిలి చన్నీళ్లకే జివ్వుమంటుంది.

ఒక పంటికి నాలుగు అవకాశాలు: ఏదీ లేదు, కొన, నడుమ, రెండూ. నాలుగు పళ్లకు 256. ఏ గాటూ లేని నోరు పసివాళ్లది, అది తీస్తే 255 గుర్తులు. పై కోరపన్ను వచ్చేది 11, 12 ఏళ్లకు కాబట్టి గాటు వేడుక పన్నెండో ఏట. అంతకు ముందు పిల్లలు గట్టు ఎక్కకూడదు.

ఈ 255 అన్న అంకె ఒక్కటి మేం ఊహించనంత పని చేసింది. ఊళ్లో 200 మంది పెద్దలు. ఏటా నలుగురు పోతారనుకుందాం. పోయినవాళ్ల గుర్తు 12 ఏళ్లు ఎవరికీ ఇవ్వకూడదన్నది ఆచారం, అంటే ఎప్పుడూ 48 గుర్తులు మూలన ఉంటాయి. 200కు 48 కలిపితే 248. ఏడే ఖాళీ. ఊరు పది మంది పెరిగితే చీలాల్సిందే, కొత్త గట్టు వెతుక్కోవాల్సిందే. 12 ఏళ్ల తర్వాత ఆ గుర్తు ఒక పిల్లకో పిల్లాడికో పడుతుంది, ఊరంతా వాళ్లలో పాత మనిషిని చూస్తుంది. పునర్జన్మ నమ్మకం అలా పుట్టింది, మేం రాయలేదు. దానితో పాటే ఒక దిక్కుమాలిన చట్టం: పాత మనిషి తీర్చని బాకీ కూడా గుర్తుతో వస్తుంది. పన్నెండేళ్ల పిల్ల గాటు వేయించుకుని లేచేసరికి నాలుగు కుంచాల బియ్యం అప్పు! పెద్దింటివాళ్లు మంచి గుర్తు కోసం గాదె కావలివాళ్లకు లంచం పెట్టడం ఆట పరీక్షలో ఆటగాళ్లే కనిపెట్టారు, ఉంచేశాం.

చెడేది ఎక్కడంటే కొన గాటు. నమిలి నమిలి కోరపన్ను కొన అరుగుతుంది. అరవై దాటినవాళ్ల నోట్లో కొన గాటు కనపడదు, వాళ్ల గుర్తు ఇంకొకరి గుర్తులా కనిపిస్తుంది. అందుకని ముసలివాళ్లు ఒక దశ తర్వాత నీళ్లలోకి దిగడం మానేస్తారు. కీళ్లు బిగుస్తాయి, నొప్పి పడతారు, కానీ పేరు పోగొట్టుకోరు. రెండో దారి మోసం: గాటును జిగురుతో పూడ్చడం. దానికి విరుగుడు దారం. పత్తి దారాన్ని పంటి మీద అడ్డంగా లాగితే నిజమైన గాటులో పట్టుకుంటుంది, జిగురు మీద జారుతుంది. జిగురు కింద గాటుందని అనుమానం వస్తే వేడి జావ తాగించి మళ్లీ చూస్తారు.

గట్టు మీద వేడుక, వరసగా

సాక్షి మేనమామ గానీ మేనత్త గానీ అయి ఉండాలి. తండ్రి పనికిరాడు, వాటా ఉన్నవాడు సాక్షి కాలేడు. సాక్షి దగ్గర ఉండాల్సినవి: నేత పంచె ఒకటి, దారం మూర, రాగి జావ ముంత, ఉప్పు. తిరిగొచ్చినవాడు చలితో వణుకుతుంటాడు, ఒళ్లు మెత్తగా ఉంటుంది, మాట రాదు. నాలుక అన్నిటికన్నా ఆఖర్న కుదురుకుంటుంది. ముందు పంచె కప్పాలి, రుద్దకూడదు, తోలు లేస్తుంది. తర్వాత దారం. తర్వాత పలచటి జావ ముంతలో మూడో వంతు, ఉప్పు వేసి. అన్నం ఒక ఘడియ ఆగాకే, ఆకలి కొద్దీ ఒకేసారి పెడితే కక్కేస్తాడు. మాట వచ్చాక:

"నోరు తెరు అల్లుడూ. ఎవరివి?"

"నీ చెల్లెలి కొడుకుని మావా."

"పడవవాళ్లకు రెండు కుంచాలు బాకీ ఉన్నావు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను మావా."

"అయితే వచ్చింది నువ్వే."

మంత్రం అంతే. ఇందులో దేవత పేరు పెట్టాలని ఒక వాదన నడిచింది. పెట్టలేదు. బాకీ ఒప్పుకోవడమే వీళ్ల ప్రార్థన, దానికి మెరుగులు దిద్దితే పాడవుతుంది.

నిలకడమ్మ రాట

వీళ్ల దేవత నిలకడమ్మ అంటే గట్టు చివర పాతిన కర్ర రాట. దాని మీద ఒకే గాటు, గట్టు ఎత్తు చెప్పేది. చుట్టూ తిల్ల చెట్లు. ఆ చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, అందుకే కంచె అక్కర్లేదు. నీళ్లు గాటును తాకితే దిగొచ్చు, గాటు కిందికి వస్తుంటే ఎక్కాలి.

ఉప్పునీటిలో కర్ర ఎక్కువ కాలం నిలవదు, చెక్కను తొలిచే పురుగు దాన్ని లోపల్నుంచి జల్లెడ చేస్తుంది. మూడేళ్లకోసారి రాట మార్చాలి. దేవతే ఒళ్లు మార్చుకుంటుందన్నమాట. దీనికి ఆనవాలు పూరీ. అక్కడ అధిక ఆషాఢం వచ్చిన కొన్ని ఏళ్లలో జగన్నాథుడికి కొత్త వేపకర్ర దేహం చేస్తారు. 1996లో జరిగింది, 2015లో జరిగింది. పాత విగ్రహంలోంచి కొత్తదానికి బ్రహ్మపదార్థం మారుతుంది. నిలకడమ్మకు మారేది పదార్థం కాదు, ఎత్తు. పాత రాట పక్కనే కొత్తది పాతి, పోటు నిలిచిన క్షణంలో నీళ్లు పాత గాటును తాకినప్పుడు కొత్త కర్ర మీద గీత పెడతారు. నీటి మట్టం కన్నా నమ్మదగిన కొలబద్ద లేదు.

అయినా తప్పు దొర్లుతుంది, అదీ ఎప్పుడూ ఒకే వైపుకు. బురదలో పాతిన రాట మూడేళ్లలో ఒక సెంటీమీటరు కుంగుతుందనుకోండి. గీత కుంగిన గాటును చూసి పెట్టిందే. ముప్పై ఏళ్లలో పది మార్పులు, 10 సెంటీమీటర్లు. గాటు 1.25 మీటర్లకు దిగింది, గట్టు కూడా దాని ప్రకారమే చెక్కారు. ఇప్పుడు నీళ్లు నిలిచేది 3 గంటల 35 నిమిషాలు. మూడు జట్లకు బదులు నాలుగు. తదియ దాటిన పోట్లు కూడా గట్టెక్కుతాయి. బియ్యం ఖర్చు పెరిగింది, చేప తగ్గింది, కానీ వంతు త్వరగా వస్తోంది కాబట్టి ఎవరూ నోరెత్తరు.

చీలిక ఇక్కడ వచ్చింది. ఒక ఊరు తమ గాటును రాతి మీద చెక్కుకుంది. రాయి మారదు, దేవత మారకూడదు అంటారు వాళ్లు. రాటవాళ్లేమో ఒళ్లు మార్చుకోని దేవత మనకెలా దేవత అవుతుంది అంటారు. రెండు ఊళ్లకూ మధ్య తేడా 10 సెంటీమీటర్లు, దాని మీద రెండు శాఖలు, రెండు పండగ తేదీలు, ఒకరి ఇంటి నీళ్లు ఒకరు తాగకపోవడం. ఈ చీలికను కథగా ముందు అనుకుని ఉంటే ఏ అన్నదమ్ముల తగువో రాసేవాళ్లం. బురద కుంగడం దానికన్నా గట్టి కారణం.

చావు

ఇది క్లుప్తంగా. ఏ రూపులో పోతే ఆ రూపులోనే గట్టు మీద ఒక పోటు దాకా ఉంచుతారు. ఎవరో తెలియాలి కాబట్టి నాలుగు కోరపళ్లు తీసి గాదెలో మట్టి మూకుట్లో వేసి మూత పెడతారు. ఒంటికి పెద్ద మర్యాద లేదు. తదియ తప్పి నీళ్లలో చిక్కినవాళ్లకు మూడు అమావాస్యల గడువు. ఆ తర్వాత ఆస్తి చెల్లెలి బిడ్డలకు, గుర్తు మాత్రం ఎవరికీ ఇవ్వరు. వాడు రేపు తిరిగొస్తే? అందుకని ఆ గుర్తులు శాశ్వతంగా తీసేసినట్టే, 255 ఏటేటా తరుగుతుంది.

ఇంకా తేలనివి

పెళ్లిళ్లు. రెండు ఊళ్లూ 255 గుర్తులనూ వాడుతున్నాయి. కోడలు వచ్చిన ఊళ్లో ఆమె గుర్తు ఇప్పటికే ఇంకొకరిది కావచ్చు. గాటు చెరపలేం, చేర్చగలం. ఇప్పటికి అనుకున్నది: పుట్టింటి గుర్తు మీద ఒక గాటు అదనంగా వేయడం, దాంతో ఆమె పుట్టింటి గట్టు మీద దిగే హక్కు పోతుంది. ఎనిమిది గాట్లూ నిండిన పిల్లకు చేర్చడానికి చోటు లేదు కాబట్టి ఆమె ఊరు దాటి పెళ్లి చేసుకోలేదు. ఆ గుర్తును కావాలని కూతురికి వేయించే తల్లులుంటారా, వద్దని లంచం పెట్టేవాళ్లుంటారా అన్నది వచ్చే ఆటలో చూడాలి. రాతి ఊరికి వెళ్లిన రాట ఊరి కోడలు ఏ తిథికి దిగాలో కూడా అప్పుడే తేలుస్తాం.